డిక్రీ వచ్చింది, స్వాధీనం రాలేదు: బాద్మె ఊరి కేసు

ముందే చెప్పేస్తున్నా, నేను బాద్మె ఊళ్ళో అడుగు పెట్టలేదు. 2005లో ఐక్యరాజ్యసమితి మిషన్‌లో మిలిటరీ అబ్జర్వర్‌గా ఎరిత్రియా పడమటి సెక్టార్‌లో ఉన్నప్పుడు, దక్షిణం వైపు మా పెట్రోలింగ్ ఆగిపోయే చోట ఒక చిన్న మిట్ట ఉండేది. దానిమీద నిలబడి బైనాక్యులర్స్ పెడితే మధ్యాహ్నం ఎండకి దూరంగా కొన్ని రేకుల కప్పులు మెరిసేవి. మా ఇంటర్‌ప్రెటర్ కుర్రాడు అటు వేలు కూడా చూపించకుండా గడ్డంతో సైగ చేసి "అదే సార్" అనేవాడు. నాకూ బాద్మెకీ అంతవరకే పరిచయం.

రిటైరయ్యాక హైదరాబాద్‌లో మీడియేషన్ నేర్చుకునే పిల్లలకి అప్పుడప్పుడూ క్లాసులు చెప్తుంటా, ప్రతి బ్యాచ్‌కీ ఈ కేసే చెప్తా, ప్రతిసారీ గంటన్నర చాలదు, అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాసేద్దామనుకున్నా. ఇథియోపియా, ఎరిత్రియా మధ్య శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాక, సరిహద్దు ఎక్కడో తీర్పు కూడా వచ్చాక, ఒక ఊరు పద్దెనిమిదేళ్ళు చేతులు మారకుండా ఎలా ఆగిపోయింది, మధ్యలో మాలాంటివాళ్ళం ఏం చేశాం ఏం చెయ్యలేకపోయాం అన్నదే ఇందులో సంగతి.

మా నాన్న ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరికి కరణం, 1984లో ఆ వ్యవస్థ ఎత్తేసే దాకా. గట్టు తగాదాలు వింటూ పెరిగినవాణ్ణి నేను. కోర్టులో గెలిచి డిక్రీ కాగితం జేబులో పెట్టుకుని స్వీట్లు పంచేవాళ్ళని చూసి ఆయన నవ్వేవాడు, "ఇప్పుడే ఏముందిరా, ఈపీ వెయ్యాలి, అమీనా రావాలి, టముకు వేయించాలి, రాయి పాతాలి, అప్పటిదాకా దున్నేది వాడే" అని. ఈపీ అంటే తీర్పు అమలు చేయించమని కోర్టుకి పెట్టుకునే ఎగ్జిక్యూషన్ పిటిషన్, అమీనా అంటే దాన్ని అమలు చెయ్యడానికి వచ్చే కోర్టు మనిషి, సివిల్ కోర్టు మెట్లెక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆఫ్రికాలో ఆ మిట్టమీద నిలబడ్డప్పుడు నాకు పదేపదే గుర్తొచ్చింది ఆర్మీలో నేర్చుకున్న పాఠం కాదు, ఈ మాటే.

అసలు తగాదా

ఇథియోపియా, ఎరిత్రియా మధ్య సరిహద్దు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. దాని పడమటి కొసన, సెటిట్ నదికీ (ఇథియోపియాలో తెకెజె అంటారు) మెరెబ్ నదికీ మధ్యలో ఒక మైదానం, అందులో బాద్మె. జొన్న, నువ్వులు పండుతాయి, వానొస్తే జీపు టైరుకి అంటుకున్న మట్టి గునపంతో గీకితే తప్ప పోదు. నూనె బావుల్లేవు, గనుల్లేవు, రేవు లేదు. పటంలో చూస్తే ఊరని కూడా అనిపించదు. కానీ దానికోసం జరిగిన యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళు 70 వేల నుంచి లక్ష దాకా ఉంటారని అంచనాలు.

ఎరిత్రియా 1993లో రెఫరెండం పెట్టుకుని ఇథియోపియా నుంచి విడిపోయింది, అప్పుడు రెండు వైపులా గద్దె మీదున్నవాళ్ళు ఒకే నియంతమీద భుజం భుజం కలిపి పోరాడినవాళ్ళే, ఎరిత్రియాలో ఇసయాస్ అఫ్‌వెర్కి, ఇథియోపియాలో మెలెస్ జెనావి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు గోడ ఎక్కడ కట్టాలో ఆ సంతోషంలో ఎవరూ అడగలేదు, మన దగ్గరా అంతేగా, మనసులు బాగున్నన్నాళ్ళు గట్టు ఎటుంటే ఏంటి. 1997 నవంబర్‌లో ఎరిత్రియా నక్ఫా అని సొంత కరెన్సీ తెచ్చింది, ఇథియోపియా ఇకనుంచి డాలర్లలో వ్యాపారం చేద్దాం అంది, ఇథియోపియా వాడుకునే ఎరిత్రియా రేవుల లెక్కలు చెడ్డాయి, అప్పుడు గట్టు గుర్తొచ్చింది. 1998 మే 6న బాద్మె దగ్గర కాల్పుల్లో ఎరిత్రియా ఆఫీసర్లు చనిపోయారు, మే 12న ఎరిత్రియా ట్యాంకులతో వచ్చి ఊరు పట్టుకుంది. 1999 ఫిబ్రవరిలో ఇథియోపియా తిరిగి లాక్కుంది. 2000 మేలో ఇథియోపియా ఎరిత్రియాలోని బరెంటు పట్టణం దాకా లోపలికి దూసుకెళ్ళింది, అప్పుడు జూన్ 18న అల్జీర్స్‌లో కాల్పుల విరమణ, డిసెంబర్ 12న అక్కడే పూర్తి శాంతి ఒప్పందం. సంతకాల దగ్గర ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ ఉన్నాడు, అమెరికా నుంచి విదేశాంగ మంత్రి మెడలిన్ ఆల్‌బ్రైట్ వచ్చింది, ఆఫ్రికా పెద్దలున్నారు, సాక్షులకి కొదవే లేదు.

ఒప్పందం కాగితం నా దగ్గర ప్రింటవుట్ ఉంది, అంచులు నలిగిపోయాయి. నాలుగో ఆర్టికల్ అంతా సరిహద్దు గురించే. అయిదుగురితో ఒక బౌండరీ కమిషన్, 1900, 1902, 1908లో ఇటలీకీ (ఎరిత్రియా అప్పుడు ఇటలీ వలస) ఇథియోపియాకీ మధ్య జరిగిన ఒడంబడికలు చూసి గీత ఎక్కడో తేల్చాలి, ఆ తీర్పు ఫైనల్, ఇద్దరూ కట్టుబడాలి. ఇంకో మాట కూడా రాశారు, జనం బాగోగులు చూసి కాస్త ఇటూ అటూ సర్దే అధికారం కమిషన్‌కి లేదు అని. అంటే చేనుకి అటు ఇల్లు, ఇటు బావి అయినా సరే, కాగితం ఎటు చెప్తే అటే. రెండు వైపుల లాయర్లూ కలిసి పెట్టిన కండిషనే ఇది. అప్పుడు బహుశా ఇద్దరికీ తామే గెలుస్తామనే ధీమా.

ఊరు చేతులు మారడం గురించి ఆ మొత్తం కాగితంలో ఉన్నది ఒక్క క్లాజు, 4.16. భూమి చేతులు మారేటప్పుడు వచ్చే సమస్యల పరిష్కారానికి ఐక్యరాజ్యసమితి తోడ్పడాలని ఇద్దరం కోరుతున్నాం, అంతే. ఎవరు ఖాళీ చెయ్యాలి, ఎన్ని రోజుల్లో, మధ్యలో పోలీసు ఎవరు, ఇంటివాళ్ళు ఏ దేశం వాళ్ళవుతారు, ఏదీ లేదు. నా క్లాసులో పిల్లల్ని ఈ క్లాజు మూడుసార్లు చదవమంటా.

కంచె ఎవరి చేలో వేశారు

ఇది చాలామంది పట్టించుకోని సంగతి, నా దృష్టిలో కేసు మొత్తానికి కీలకం ఇదే. రెండు సైన్యాల మధ్య 25 కిలోమీటర్ల వెడల్పు బఫర్ జోన్ పెట్టారు, ఫిరంగి గుండు అందనంత దూరం అని లెక్క. ఆ 25 కిలోమీటర్లూ ఎరిత్రియా నేల మీదే. ఎందుకంటే 2000లో యుద్ధం ఆగేసరికి పైచెయ్యి ఇథియోపియాది, వాళ్ళు 1998కి ముందున్న చోటుకి వెనక్కి వెళ్తే చాలు, ఎరిత్రియా సైన్యం మాత్రం అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లు లోపలికి తగ్గాలి. అక్కడ వాళ్ళ పోలీసూ మిలీషియా మాత్రమే ఉండాలి. మా మిషన్, అన్మీ అనేవాళ్ళం, 4,200 మంది దాకా మంజూరైన బలగం, ఆ జోన్‌లో కాపలా. మధ్య సెక్టార్‌లో మన ఇండియన్ బెటాలియన్, పడమట జోర్డాన్, మొదట్లో తూర్పున కెన్యా, ఇంకా మన ఇంజనీర్ కంపెనీ రోడ్లు బాగుచేసేది. నేనున్నప్పుడు ఫోర్స్ కమాండర్ కూడా మనవాడే, మేజర్ జనరల్ రాజేందర్ సింగ్. మా అబ్జర్వర్లకైతే తుపాకీ ఉండదు, నీలం టోపీ, తెల్ల జీపు, రేడియో, జీపీఎస్, నోట్‌బుక్.

తగాదాలో కంచె వేసినప్పుడు అది ఒక్కడి చేలోనే వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. తీర్పు ఆలస్యమైన కొద్దీ నష్టం వాడికే. అవతలివాడికి ఏ నొప్పీ లేదు, ఊరు చేతిలో ఉంది, కంచె పక్కవాడి చేలో ఉంది, కాపలావాళ్ళ జీతం ప్రపంచం ఇస్తోంది.

ఇద్దరూ గెలిచిన తీర్పు

2002 ఏప్రిల్ 13న ది హేగ్‌లో తీర్పు. కమిషన్ ప్రెసిడెంట్ సర్ ఎలిహు లౌటర్‌పాక్ట్, మిగతా నలుగురూ అంతర్జాతీయ న్యాయంలో ఉద్దండులే. 1902 ఒడంబడికలో బాద్మె వైపు గీత గురించి ఉన్నది ఏంటంటే, సెటిట్ నదిలో మైయెతెబ్ అనే వాగు కలిసే చోటు నుంచి మెరెబ్‌లో మై అంబెస్సా కలిసే చోటుకి, కునామా తెగ ఎరిత్రియాకి వచ్చేట్టు గీత వెయ్యాలి అని. అయితే మైయెతెబ్ అంటే ఏ వాగు? వందేళ్ళ తర్వాత దాని మీదే వాదన, ఒకరు ఈ వాగంటారు ఒకరు ఆ వాగంటారు. మా నాన్న దగ్గర ఎఫ్ఎంబీలో (పొలాల కొలతల పుస్తకం) "పెద్ద తుమ్మచెట్టు" అని హద్దు రాసుంటే ఆ చెట్టు కొట్టేసి ముప్పై ఏళ్ళయింది అనే కేసుల్లాగే ఉంటుంది ఇది. కమిషన్ పాత పటాలు, ఇన్నేళ్ళుగా రెండు దేశాలూ ఒప్పుకుంటూ వచ్చిన గీత చూసి సెటిట్ మీద ఒక పాయింటు, మెరెబ్ మీద ఒక పాయింటు పెట్టి మధ్యలో స్ట్రెయిట్ లైన్ లాగింది. బాద్మెని ఇన్నేళ్ళుగా మేమే పాలించాం అని ఇథియోపియా చూపించిన రికార్డులు, అడంగల్లో అనుభవదారు కాలమ్ అనుకోండి, ఆ గీతని జరపడానికి చాలవంది.

ఇప్పుడు అసలు పొరపాటు. తీర్పులో కోఆర్డినేట్లు ఇచ్చారు కానీ బాద్మె గీతకి ఎటు పడిందో ఒక వాక్యంలో చెప్పలేదు, తీర్పుతో ఇచ్చిన పటంలో ఆ ఊరే లేదు. ఇక చూస్కోండి, అడిస్ అబాబాలో ఇథియోపియా విదేశాంగ మంత్రి సెయుమ్ మెస్ఫిన్ బాద్మె మనదే అని ప్రకటించేశాడు, అటు ఎరిత్రియా రాజధాని అస్మరాలోనూ మనమే గెలిచాం అన్నారు. లక్షమంది చచ్చింది ఏ ఊరికోసమో ఆ ఊరి పేరు పెట్టి చెప్పకపోవడం న్యాయశాస్త్రం ప్రకారం కరెక్టే కావచ్చు, వాళ్ళ పని గీత గీయడం, ఊళ్ళు పంచడం కాదు. కానీ ఒక దేశం జనానికి బాద్మె మనకొచ్చింది అని చెప్పేశాక, దాదాపు ఏడాదికి, 2003 మార్చిలో కమిషన్ "లేదు, అది ఎరిత్రియా వైపే" అని తేలిస్తే ఆ ప్రభుత్వం ఏ మొహంతో వెనక్కి తగ్గుతుంది? ముందే చెప్పుంటే తగ్గేదని కాదు నేననేది, చెప్పకపోవడంతో తగ్గే దారి కూడా మూసుకుపోయింది. 2003 సెప్టెంబర్‌లో మెలెస్ ఐక్యరాజ్యసమితికి లెటర్ రాశాడు, తీర్పు అన్యాయం, చట్టవిరుద్ధం, బాద్మె విషయంలో ఇంకో దారి చూడండి అని. 2004 నవంబర్‌లో "సూత్రప్రాయంగా" ఒప్పుకుంటున్నాం అన్నాడు. సూత్రప్రాయంగా అనే మాట వింటే నాకు అప్పు తీరుస్తాననేవాడి మొహం గుర్తొస్తుంది.

మధ్యలో ఇంకో తిరకాసు. అదే ఒప్పందం కింద పెట్టిన క్లెయిమ్స్ కమిషన్ 2005 డిసెంబర్‌లో ఏం తేల్చిందంటే, 1998 మే 12న బాద్మె మీద దాడి చెయ్యడం ఎరిత్రియా తప్పు, అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించడమే అని. అంటే పొలం నీదే, కానీ గొడ్డలి పట్టుకెళ్ళి లాక్కోవడం నేరమే. 2009లో నష్టపరిహారాలు కూడా లెక్క కట్టారు, ఇథియోపియాకి దాదాపు 17.4 కోట్ల డాలర్లు, ఎరిత్రియాకి దాదాపు 16.3 కోట్లు. రెండేళ్ళ యుద్ధం, లక్ష ప్రాణాలు, చివరికి లెక్క తేలిన తేడా అంత.

నేను చేసిన తప్పు

నేను వెళ్ళేసరికి తీర్పు వచ్చి మూడేళ్ళు. మా టీమ్ సైట్ షిలాలో వైపు. తెల్లారుజామున జీపు చెక్ చేసుకుని, నిన్నటి టైరు జాడల్లోనే టైరు పెట్టి (మైన్లు మరి), ఊరూరూ తిరిగి టెంట్లు, ట్రక్కులు, యూనిఫారాలు లెక్కపెట్టి సాయంత్రం సిట్‌రెప్ (ఆ రోజు పరిస్థితి రిపోర్టు) పంపడం. మిలీషియా అని చెప్పినవాడి బూట్లు కొత్త ఆర్మీ బూట్లయితే అదీ రాయాలి.

బాద్మె చుట్టుపక్కల నుంచి పారిపోయి ఏళ్ళ తరబడి ఆది కెషి క్యాంపులో ఉండి, కొత్తగా మా వైపు వచ్చి గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఉండేవి. అందులో ఒక పెద్దాయన, అక్కడ పెద్దవాళ్ళని అబోయ్ అంటారు, నాన్నా అన్నట్టు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఇండియన్ అని తెలిస్తే చాలు, "మా పిల్లలకి లెక్కలు చెప్పింది మీవాళ్ళే" అని కూర్చోబెట్టేవాడు. నిజమే, ఆ రెండు దేశాల స్కూళ్ళలో కాలేజీల్లో మన మాస్టర్లు చాలామంది పనిచేశారు. కోడలు పచ్చి గింజలు పెనం మీద వేయించి, పొగ మన మొహం మీదికి విసిరి, దంచి, కాఫీ కాచేది. అక్కడ కాఫీ మూడు విడతలు, మూడోదాని పేరు బరకా, అది తాగకుండా లేస్తే ఇంటికి అరిష్టం. తినడానికి ఇంజెరా, మన పుల్లట్టే అనుకోండి, ఇంకాస్త పులుపు.

రెండో కప్పు అవుతుండగా ఆయన పుల్ల తీసుకుని నేల మీద ఒక గీత గీశాడు, దానికి ఒక పక్క గుండ్రంగా చుట్టాడు. అది ఆయన నువ్వుల చేను. "ఆ తెల్లోళ్ళ గీత నా చేనుకి ఇటు పోతుందా అటు పోతుందా అడుగు" అన్నాడు. ఇంటర్‌ప్రెటర్ నా వైపు చూశాడు. అబ్జర్వర్ చెప్పాల్సిన జవాబు ఒక్కటే, ఆ విషయం నా పరిధిలో లేదండీ అని. నేను మాత్రం, కాఫీ వేడో, ఆ పెద్దాయన మొహంలో మా ఊరి రైతు కనపడ్డాడో, "బాద్మె మీకే వచ్చింది కదా అబోయ్, మీ చేను అంతకంటే ఇవతలే అయితే ఇక అనుమానమేముంది" అనేశాను.

వారం తిరక్కముందే లోకల్ లైజన్ ఆఫీసర్ టీమ్ సైట్‌కి వచ్చాడు, చాలా మర్యాదగా, చాలా చల్లగా. ఐక్యరాజ్యసమితి ఊరు అప్పగిస్తోందని జనం అనుకుంటున్నారట, విత్తనాలు దాచుకుంటున్నారట, తేదీ ఎప్పుడో మాకూ చెప్తారా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగా అడుగుతున్నట్టే అడిగాడు. నా దగ్గర తేదీ లేదు. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. టీమ్ లీడర్ నన్ను పక్కకి పిలిచి పెట్టాల్సిన చీవాట్లు పెట్టాడు, నాకు పడాల్సినవే. పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి నేను చెప్పింది తీర్పు మాట, అప్పగింత మాట కాదని చెప్పబోతే ఇంటర్‌ప్రెటర్ ఆగిపోయాడు. ఆ రెండిటికీ తేడా ఎలా చెప్పాలి సార్ అన్నాడు. చివరికి ఏం చెప్పాడో నాకు తెలీదు, పెద్దాయన మాత్రం తలాడించి మూడో కప్పు పోశాడు.

మేకలు తలెత్తడం మానేశాయి

2005 అక్టోబర్ 5 నుంచి ఎరిత్రియా మా హెలికాప్టర్లు ఆపేసింది. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. మూడున్నరేళ్ళుగా డిక్రీ చేతిలో పట్టుకుని తిరుగుతున్నవాడు అమీనా రాడని తేలాక, తన చేలో కంచె కాస్తున్నవాళ్ళ మీద కాక ఇంకెవరి మీద విసుక్కుంటాడు? ఇథియోపియాని కదిలించే బలం వాళ్ళకి లేదు, ఆ జోన్‌లో వాళ్ళ చేతికందేది మేమే. తర్వాత రాత్రి పెట్రోలింగ్ వద్దన్నారు, మెయిన్ రోడ్డు దిగొద్దన్నారు.

హెలికాప్టర్ అంటే దూరం నుంచి చూసేవాళ్ళకి సౌకర్యం అనిపిస్తుంది, మాకు అది అంబులెన్సు, కళ్ళు కూడా. గాయపడితే తీసుకెళ్ళే దారి లేకపోయాక చాలా పోస్టులు మూసెయ్యాల్సొచ్చింది, నలభై దాకా ఉండేవాటిల్లో దాదాపు సగం. మా టీమ్‌లో ఒకాయనకి అర్ధరాత్రి కడుపునొప్పి మొదలై మెలికలు తిరిగిపోతుంటే, తెల్లారేదాకా ఆగి జీపు వెనక పరుపు వేసి బరెంటు తీసుకెళ్ళాం. ప్రతి గుంతకీ ఆయన మూలుగు, డ్రైవింగ్ సీట్లో నేను. బతికాడు, అపెండిక్స్. అంతకుముందు రోజూ హెలికాప్టర్ చప్పుడు వినపడగానే మేకలు తలెత్తి చూసేవి, రెండు మూడు వారాలకి అవీ మానేశాయి. డిసెంబర్‌లో అమెరికా, కెనడా, యూరప్, రష్యా వాళ్ళు పది రోజుల్లో దేశం వదలాలన్నారు, మా సైట్‌లోనూ ఇద్దరు పెట్టెలు సర్దుకున్నారు. మా భారతీయుల్ని ఉండమన్నారు, అందులో గర్వపడాల్సింది ఏముందో నాకిప్పటికీ తెలీదు.

అప్పుడే రెండు వైపులా సైన్యం కదలడం మొదలైంది. భద్రతామండలి నవంబర్ 23న 1640 తీర్మానం చేసింది. ఇది కూడా క్లాసులో చదివిస్తా. హెలికాప్టర్ల ఆంక్షలు ఎత్తెయ్యాలి, కదిలిన దళాలు వెనక్కెళ్ళాలి, లేకపోతే ఐక్యరాజ్యసమితి చార్టర్ ఆర్టికల్ 41 కింద ఆంక్షలు ఆలోచిస్తాం అన్నారు. అదే తీర్మానంలో ఇథియోపియా తీర్పుని పూర్తిగా ఒప్పుకోవాలి అని కూడా ఉంది, కానీ ఆంక్షల బెదిరింపు ఆ పేరాకి తగిలించలేదు. అదీ సంగతి. మా హెలికాప్టర్ ఎగరకపోతే శిక్ష ఉంది, ఊరు అప్పగించకపోతే లేదు. పాత కాల్పుల విరమణ ఒప్పందంలో ఎవరు మాట తప్పినా అదే చార్టర్‌లోని చాప్టర్ 7 కింద చర్యలు తీసుకోవచ్చని గ్యారంటీ రాసుంది, అంటే ఈపీ వేసే సెక్షన్ ఉంది, వేసే నాథుడే లేడు. అప్పటికి ఇథియోపియా ఆ ప్రాంతంలో అమెరికాకి కావాల్సిన దేశం, ఇంకో ఏడాదికి సోమాలియాలోకి సైన్యం పంపబోతోంది, దానిమీద ఎవరు చెయ్యెత్తుతారు.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తా, నేను అప్పటికి వెనక్కొచ్చేశా. 2006 అక్టోబర్‌లో ఎరిత్రియా 1,500 మంది సైనికుల్నీ 14 ట్యాంకుల్నీ బఫర్ జోన్‌లోకి దింపింది, పంట కోతలకి వచ్చారని చెప్పింది. ట్యాంకులతో ఏ పంట కోస్తారో మా రైతులు చెప్పాలి. రెండు సైన్యాల జనరల్స్‌ని ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టే కోఆర్డినేషన్ మీటింగ్ ఒకటుండేది, అదొక్కటే నిజంగా పనిచేసిన ఏర్పాటు అని నా అభిప్రాయం, 2006 మధ్య తర్వాత అదీ ఆగిపోయింది. రాళ్ళు పాతనివ్వట్లేదు కాబట్టి కోఆర్డినేట్ల లిస్టే హద్దు అనుకోండి అని చెప్పి 2007 నవంబర్ 30న కమిషన్ ఇంటికెళ్ళిపోయింది. ఎరిత్రియా మిషన్‌కి డీజిల్ ఆపేసింది, బళ్ళు ఆగిపోయాయి, 2008 జూలై 31తో మిషన్ మూతపడింది.

2002లోనే వచ్చిన ఇంకో డిక్రీ

పక్కన పెట్టి చూడాల్సిన కేసు ఒకటుంది, బకాస్సి. నైజీరియా, కామెరూన్ మధ్య ద్వీపకల్పం, అక్కడ చమురు కూడా ఉంది, బాద్మె కంటే తగాదా పడదగ్గ ఆస్తి. 2002 అక్టోబర్ 10న అంతర్జాతీయ న్యాయస్థానం కామెరూన్‌దే అంది. స్వాధీనం నైజీరియాది, జనం ఎక్కువమంది నైజీరియన్లు, సైన్యం వాళ్ళదే పెద్దది. అచ్చం ఇదే పరిస్థితి. కానీ అక్కడ కోఫీ అన్నన్ రెండు దేశాలతో మిక్స్‌డ్ కమిషన్ పెట్టించి ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి, 2006 జూన్ 12న గ్రీన్‌ట్రీ ఒప్పందం చేయించాడు. అందులో అన్నీ ఉన్నాయి, అరవై రోజుల్లో సైన్యం ఖాళీ, అవసరమైతే ముప్పై రోజులు ఎక్కువ, ఒక భాగంలో ఇంకో రెండేళ్ళు నైజీరియా పాలనే, అక్కడి నైజీరియన్లని వెళ్ళగొట్టకూడదు, సాక్షులుగా అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ. 2008 ఆగస్టు 14న పూర్తిగా అప్పగించేశారు. మా మిషన్ మూసేసిన రెండు వారాలకి!

ఇంకో విచిత్రం, నైజీరియా తరఫున ఆ మిక్స్‌డ్ కమిషన్‌ని నడిపించిన ప్రిన్స్ బోలా అజిబోలా, బాద్మె తీర్పు ఇచ్చిన అయిదుగురిలో కూడా ఒకడు, ఇథియోపియా తరఫున నియమితుడు. మనిషి తెలిసినవాడే, పద్ధతి తెలిసినదే. తేడా ఎక్కడంటే బకాస్సిలో డిక్రీ వేరు, అప్పగింత వేరు అని గుర్తించి రెండోదానికి వేరే కాగితం రాశారు. అక్కడ నైజీరియా అధ్యక్షుడు ఒబసాంజో తనే ఒప్పుకున్నాడు కాబట్టి జరిగింది అంటారు కొందరు, అదీ నిజమే. కానీ అరవై రోజులు, రెండేళ్ళు అని మెట్లు కట్టి ఇస్తే దిగడం తేలిక. మెలెస్‌కి ఎవరూ మెట్లు కట్టలేదు, దూకమన్నారు. ఆ ఊళ్ళో చచ్చిన సైనికుల్లో ఆయన సొంత ప్రాంతం, ఉత్తర ఇథియోపియాలోని టిగ్రే వాళ్ళు బోలెడంతమంది.

మన దగ్గర కొటియా ఉంది చూడండి, ఆంధ్రా ఒడిశా మధ్య 21 ఊళ్ళు, రెండు రాష్ట్రాలూ కార్డులు ఇస్తాయి, కేసు సుప్రీంకోర్టులో. పెత్తనం ఎవరిదో తేలకపోతే జనం రెండు పక్కలా కార్డు తీసుకుని బతుకుతారు. బాద్మెలో ఆ వీలు లేదు, రెండో కార్డు ఉందని తెలిస్తే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఎరిత్రియాలో 18 నెలల నేషనల్ సర్వీస్ అని చెప్పింది కాస్తా ఎప్పుడు వదుల్తారో తెలీని చాకిరీ అయ్యింది, సరిహద్దు తేలలేదు అన్నదే సాకు. మా ఇంటర్‌ప్రెటర్ వయసు వాళ్ళు వేలమంది దేశం వదిలి పారిపోయారు. ఊరు అప్పగించకపోవడం ఇథియోపియా తప్పయితే, దాన్ని చూపించి సొంత పిల్లల్ని ఇరవై ఏళ్ళు బంకర్లలో కూర్చోబెట్టడం ఎరిత్రియా ప్రభుత్వం తప్పు, ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే కేసు సగమే చెప్పినట్టు.

క్లాసులో ఎప్పుడూ వచ్చే ప్రశ్న

2018లో ఇథియోపియా ప్రధానిగా అబియ్ అహ్మద్ వచ్చాక అల్జీర్స్ ఒప్పందం పూర్తిగా ఒప్పుకుంటున్నాం అన్నారు, జూలైలో ఆయన అస్మరా వెళ్ళి ఇసయాస్‌ని కౌగిలించుకున్నాడు, మరుసటేడాది నోబెల్ ఇచ్చారు. అదే 2018 సెప్టెంబర్‌లో సరిహద్దు ఊరు జలంబెస్సా దగ్గర గేట్లు తీస్తే విడిపోయిన చుట్టాలు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు, కొన్ని నెలలకే ఆ గేట్లు మళ్ళీ ఒక్కొక్కటీ మూసేశారు. బాద్మె మాత్రం అప్పుడూ అప్పగించలేదు. మా ఊరు ఎలా ఇస్తారు అని అక్కడివాళ్ళే రోడ్డెక్కారు, వాళ్ళని ఎవరూ ముందు అడగలేదు కదా. 2020 నవంబర్‌లో టిగ్రే యుద్ధం మొదలయ్యాక ఎరిత్రియా సైన్యమే వచ్చి ఊరు తీసేసుకుంది. ఆ యుద్ధం ఆపడానికి 2022 నవంబర్‌లో ప్రిటోరియాలో జరిగిన ఒప్పందంలో ఎరిత్రియా లేనే లేదు. ఇప్పుడు ఎరిత్రియాలోని అస్సబ్ రేవు గురించి మళ్ళీ రెండు దేశాలూ గొంతు పెంచుతున్నాయి.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒక కుర్రాడు చెయ్యెత్తుతాడు, "సార్, చివరికి తీర్పు ప్రకారమే ఎరిత్రియాకి వచ్చింది కదా, మరి కేసు క్లోజ్ అయినట్టేగా" అని. నేను వాళ్ళకి ఒక వర్క్ ఇస్తా. 4.16 క్లాజు కొట్టేసి, దాని స్థానంలో మీరు రాయండి, ఒక పేజీ దాటకూడదు. గీత ఎటుపడినా పనికొచ్చేట్టు ముందే రాయాలి, ఎవరు గెలుస్తారో మీకు తెలీదు అనుకోవాలి. తేదీలు పెట్టండి. కంచె ఇద్దరి చేలల్లోనూ వెయ్యండి. మధ్యలో ఊళ్ళో పోలీసు ఎవరో, నువ్వుల చేను గీతకి అటుపడినవాడు కోతకి ఎలా వెళ్ళాలో రాయండి. తీర్పులో ఊళ్ళ పేర్లు ఉండాలని కమిషన్‌ని ముందే అడగండి.

కిందటి బ్యాచ్‌లో ఒకమ్మాయి, నల్లగొండ వైపు నుంచి, లాయరు, పేజీ అంతా రాసి అడుగున ఒక లైను కలిపింది, తీర్పు వచ్చిన వారం లోపల రెండు వైపుల ఆఫీసర్లూ ఊరూరా తిరిగి ఎవరి చేను ఎటో ఇంటివాళ్ళకి నోటితో చెప్పాలి, వాళ్ళ భాషలోనే, అని. నేను అబోయ్ కథ ఆ రోజు ఇంకా వాళ్ళకి చెప్పలేదు. ఆ పేజీ నా అల్జీర్స్ ప్రింటవుట్‌లోనే పెట్టుకున్నా, 2007 నాటి కోఆర్డినేట్ల లిస్టు పక్కన. ఆ లిస్టులో బాద్మె వైపున్న పాయింట్ల దగ్గర ఇప్పటికీ ఒక్క రాయి పాతలేదు.